చదవొచ్చు, రాయకూడదు

పర్లాకిమిడిలో కొమ్ము దువ్వెనల కొట్టు పక్కన
శుభలేఖల అచ్చుకొట్టు.
రెండు కంప్యూటర్లు, మధ్యన నీలం తీగ.
ఈ గదిలో తెలుగు, ఆ గదిలో ఒడియా.
పన్నెండడుగులు.

"రాత్రి దానంతటదే ఏదో మార్చుకుంది.
పొద్దున్న లేచేసరికి మమ్మల్ని పోల్చనంటోంది"
అన్నాడు పాఢీ బాబు,
ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగిస్తూ.
సాయంత్రానికి కార్డులు ఇచ్చేయాలి.
పెళ్లికొడుకు మోహనా, పెళ్లికూతురు పాతపట్నం.
ఒకపక్క ఆ లిపి, ఒకపక్క ఈ లిపి.
ఒడియా పక్క సిద్ధం.
తెలుగు పక్కే, ఫోల్డర్లో ఇరుక్కుపోయింది.

ముందు తీగ చూశాను. తీగ బాగానే ఉంది.
పిలిచి చూశాను.
నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ పలికింది.
పలుకుతుంది, గడప దాటనివ్వదు.
అది వేరే జబ్బు.

ఇన్నాళ్లూ ఈ కొట్లో
వచ్చినవాణ్ణి పేరడగని మర్యాద ఉండేది.
ఎవరైనా అతిథే.
కొత్త వెర్షన్‌కి అతిథంటే అనుమానం.
నీ పేరేమిటి, నీ రహస్యపదమేమిటి, అని చిన్న పెట్టె.
ఏం కొట్టినా తప్పే.
ఖాళీగా వదిలేస్తే ఇంకా పెద్ద తప్పు.

ఫోల్డర్ మీద కుడిక్లిక్కు.
యజమాని ఎవరా అని చూస్తే
పేరు లేదు.
ఎస్, ఒకటి, అయిదు, ఇరవైయొకటి,
ఆ వెనక ఒకటే అంకెలు,
నౌపడా బండి కంటే పొడుగు.

"ఇదెవరు?"
"ఇంకెవరు, దండాసి మాస్టారే."
తొమ్మిదేళ్లు ఆ కుర్చీలో తెలుగు కొట్టాడట.
మానేసిన మర్నాడు ఖాతా తీసేశారట.
పేరు తుడిస్తే అంకె మిగిలింది.
తాళంచెవి ఆ అంకె బొడ్లోనే ఉంది.

ఫోను చేశాను.
ఏటికి అవతల, పాతపట్నంలో, జిరాక్స్ మిషను రొద.
"పాస్‌వర్డా? తలుపే లేదు గదా నాయినా,
తాళమెక్కడిది?"
తర్వాత, నెమ్మదిగా,
"ఏటీ, నానింకా అక్కడ యజమానినేనా?"
నవ్వుతున్నాడు.
నవ్వు సగంలో ఉండగా సిగ్నలు
రాష్ట్రం మారి తెగిపోయింది.

యజమానిని మార్చాలా అని అడిగింది.
లోపలి ఫోల్డర్లన్నిటికీనా అని మళ్లీ అడిగింది.
అవునన్నాను.
బారసాలలు, గృహప్రవేశాలు, ఒక కర్మకాండ పత్రిక,
తొమ్మిదేళ్ల ఊరు
తెర మీద గబగబా నా కళ్ల ముందునుంచి పోయింది.
ఎందుకో చెయ్యి మౌసు మీంచి తీసేశాను.

అయినా రాయనివ్వలేదు.
అందరికీ: చదవడం, టిక్కు.
అందరికీ: రాయడం, ఖాళీ గడి.

ఈ ఖాళీ గడి నాకు తెలుసు.
అమ్మతో తెలుగే. బడి మాత్రం పదో తరగతి దాకా ఒడియా.
తెలుగు బోర్డులు చదువుతాను,
బస్సు నెమ్మదిగా పోతే పూర్తిగా, లేదంటే సగం.
రాయమంటే
అక్షరాలు గొడుగులు వేసుకుని
ఒడియా వీధిలోకి తిరిగిపోతాయి.
తలకట్టు అచ్చం టిక్కులాగే ఉంటుంది, గమనించారా.
నా గడిలో దాన్ని ఎవరూ పెట్టలేదు.
అడ్డం చెప్పిందీ ఎవరూ లేరు.

టిక్కు పెట్టాను.
రెండు గదుల్లోనూ ఒకే పేరు, ఒకే రహస్యపదం.
కార్డు తెరుచుకుంది.

"ఒక్క అక్షరం దిద్దాలి" అన్నాడు పాఢీ బాబు.
"పిల్ల తండ్రి నిన్నంతా ఫోన్లే.
జాన్సీ కాదట, ఇంకో జా అట."
తెలుగు కొట్టే పిల్ల సెలవు.
పాత ఫాంటు, మీటల మీద గుర్తులు అరిగిపోయాయి.
ఆయన నా వైపు చూశాడు.
నేను మీటల వైపు.

మళ్లీ ఫోను.
"మాస్టారూ, వత్తు జ ఎక్కడుంటుంది?"
"ఆల్ట్ నొక్కి పట్టు. పట్టావా?
సున్నా. రెండు. ఒకటి. ఏడు.
తొందరపడకు.
ఇప్పుడొదిలెయ్."

వదిలాను.
ఝ.